పుత్తూరుకూ చిత్తూరుకూ ప్రాస కుదిరితే వైర్‌లెస్‌కు కుదరదు

చిత్తూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: "ఉత్సవాల రద్దీలో వాకీటాకీ మీద బండి నంబరు చెబితే ‘టీబీ’ అన్నది అవతల ‘పీడీ’ అని వినపడుతుంది. ఎంత అరిచినా అంతే. పైలట్లు ఏ, బీలకు బదులు ఆల్ఫా, బ్రావో అంటారు కదా, ఆ మాటల్లో ఏముంది?"

ముందు అరుపు సంగతి. గొంతు ఒక హద్దు దాటితే సెట్‌లోని లిమిటర్ ఆ పైభాగాన్ని కత్తిరించేస్తుంది. శబ్దం పెరగదు, బొంగురవుతుంది. ఇక అసలు విషయానికి మన వర్ణమాల పట్టికే మంచి పటం.

క ఖ గ ఘ ఙ, చ ఛ జ ఝ ఞ అని వర్గాలు అడ్డంగా రాస్తాం. ఒక్కో వర్గం నోట్లో ఒక్కో చోట పుడుతుంది: కంఠం, తాలువు, మూర్ధం, దంతాలు, పెదవులు. నిలువుగా చదివితే క చ ట త ప పరుషాలు, గ జ డ ద బ సరళాలు, చివరి నిలువు వరుస అనునాసికాలు. బడిలో అడ్డంగా వల్లె వేయించి వదిలేస్తారు. నిలువుగా కూడా ఒక్కసారి చదివిస్తే ధ్వనిశాస్త్రం సగం అక్కడే అర్థమవుతుంది.

1955లో జార్జ్ మిల్లర్, ప్యాట్రీషియా నైస్లీ అనే పరిశోధకులు 16 ఇంగ్లీషు హల్లులను రొదలో కలిపి వినిపించి, ఏది ఏదిగా వినపడుతుందో లెక్క రాశారు. అందులో తేలింది మన పట్టిక భాషలో చెప్పుకోవచ్చు. రొద అడ్డ వరుసల మధ్య గీతలను ముందు చెరిపేస్తుంది. నిలువు వరుసలు చాలాసేపు నిలుస్తాయి. పరుషం పరుషంగానే, అనునాసికం అనునాసికంగానే వినపడుతుంది, కానీ అది పెదవులదా దంతాలదా అన్నది పోతుంది. అందుకే టీ పీ అవుతుంది, బీ డీ అవుతుంది, ఎమ్ ఎన్ అవుతుంది. మన పాఠకుడి ‘టీబీ’ ‘పీడీ’ కావడం సరిగ్గా ఇదే: రెండక్షరాలూ తమ నిలువు వరుసలోనే ఉండి, వర్గం మాత్రం మారాయి.

కారణం కాలమూ బలమూ. పెదవులు విడివడినప్పటి చిటుకు, ఆ వెంటనే అచ్చులోకి జారే ధ్వని కలిసి సెకనులో పదో వంతు కూడా ఉండవు. ‘స’ బుసలో బలం ఎక్కువగా 4,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. వాకీటాకీ పంపేది దాదాపు 300 నుంచి 3,000 హెర్ట్జ్ వరకే. అందుకే ఎఫ్, ఎస్ ఒకటైపోతాయి. మనకు ఇంకో చిక్కుంది. ఇంగ్లీషువాళ్లు ‘పీ’ని కొంచెం ‘ఫీ’లా గాలి వదిలి పలుకుతారు, ‘బీ’కి ఆ గాలి ఉండదు. మనం గాలి వదలం. మన బ, డ లను పట్టించేది నోరు విప్పేముందు గొంతులో మోగే నాదం. దాని బలం ఎక్కువగా 300 హెర్ట్జ్ లోపే ఉంటుంది కాబట్టి సెట్ దాన్నీ కోసేస్తుంది.

నిలిచేది అచ్చులు. అవి పొడవైనవి, బలమైనవి, ఆ ఇరుకు దారిలో పట్టేవి. పీ, టీ, బీ, డీ, జీ, వీ, సీ, ఈ అన్నిటిలోనూ అచ్చు ‘ఈ’ ఒక్కటే. రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయానికి అంతర్జాతీయ సంకేతం నాలుగక్షరాలు: వీఓటీపీ. అందులో మూడు ‘ఈ’లే. విక్టర్, ఆస్కర్, టాంగో, పాపా అన్నామా, హల్లులన్నీ ఊడిపోయినా ఇ-అ, ఆ-అ, ఆ-ఓ, ఆ-ఆ అని నాలుగు వేర్వేరు వరుసలు మిగులుతాయి.

అచ్చులతోపాటు నడక కూడా మిగులుతుంది. ‘ఎమ్’కి చెప్పే ‘మైక్’ ఒకే గురువు. ‘ఎన్’కి చెప్పే ‘నవంబర్’ లఘువు, గురువు, గురువు: య గణం. ఎమ్, ఎన్ కలిసిపోయే రొదలో కూడా ఈ రెండూ కలవవు. 1951లో వచ్చిన తొలి ఆల్ఫా, బ్రావో పట్టికలో ‘ఎన్’కి నెక్టర్, ‘ఎక్స్’కి ఎక్స్‌ట్రా ఉండేవి. డెల్టా, నెక్టర్, విక్టర్, ఎక్స్‌ట్రా పైకి చదివి చూడండి. నాలుగూ రెండేసి గురువులు. అన్నిటిలో మొదట ఎ లేదా ఇ, చివర అ లేదా ఆ. నెక్టర్, విక్టర్‌లకైతే ప్రాస కూడా కుదిరింది. వాడుకలో నాలుగూ కలిసిపోయాయి. దాంతో సి, ఎమ్, ఎన్, యు, ఎక్స్ మాటలు మార్చి, 1956 మార్చి 1 నుంచి ఇప్పటి పట్టికను అమలు చేశారు. పద్యానికి గుణమైన ప్రాస ఇక్కడ దోషం.

ఈ దోషం మనవాళ్లు అప్పటికప్పుడు అల్లుకునే మాటల్లో నిండుగా ఉంటుంది. పీ ఫర్ పుత్తూరు, సీ ఫర్ చిత్తూరు, ఎన్ ఫర్ నెల్లూరు. మూడూ త గణాలే, మొదటి రెండింటికీ ‘త్త’ ప్రాస. బటన్ నొక్కీ నొక్కకముందే మాట్లాడితే మొదటి అక్షరం పోయి రెండూ ‘త్తూరు’గానే చేరతాయి. ఊళ్ల పేర్లే కావాలంటే పుంగనూరు, చంద్రగిరి, నగరి, మదనపల్లె మేలు. ఏ రెండింటి నడకా ఒకటి కాదు. జిల్లా దాటితే మాత్రం అంతర్జాతీయ పట్టికే వాడాలి.

ఆ పట్టికలో కూడా తెలుగు నోటికి రెండు గండాలున్నాయి. మనకు వీ, డబ్ల్యూ తేడా లేదు కాబట్టి విక్టర్, విస్కీ రెండూ ‘వి’తోనే మొదలవుతాయి, చివరి ‘టర్’, ‘స్కీ’లను నొక్కి పలకాలి. ‘జెడ్’ ధ్వనీ మనకు జకారమే. కాబట్టి ‘జూలియట్’లో చివర తెగితే మిగిలేది ‘జెడ్’ మాట ‘జులు’లా వినపడుతుంది. జూలియట్‌కు ఇంగ్లీషులో చివర రెండు టీలు రాసింది, ఒక్కటే ఉంటే ఫ్రెంచివాళ్లు పలకకుండా వదిలేస్తారని. మనకూ ఆ ‘యట్’ అంతే ముఖ్యం.

అంకెల్లో ఫైవ్, నైన్ రెండింటికీ ‘ఐ’ అచ్చే. అందుకే ఐదును ‘ఫైఫ్’, తొమ్మిదిని ‘నైనర్’ అంటారు. మూడు ‘ట్రీ’ అవుతుంది. 2019లో రాష్ట్రమంతా కొత్త బండ్లకు ఏపీ 39 వచ్చింది కాబట్టి ‘ట్రీ నైనర్’ అలవాటు చేసుకోవాలి. తెలుగులో చెబితే ఇరవై, అరవైలకు తేడా మొదటి అచ్చు ఒక్కటే, బటన్ మింగేసేదీ దాన్నే. ఇరవై ఏడు అనకుండా ‘రెండు, ఏడు’ అని విడిగా చెప్పాలి. ఐదు, ఏడులలో దు, డు మళ్లీ ఒకే నిలువు వరుస. కాబట్టి ఐదులోని ‘ఐ’ని పూర్తిగా పలకాలి.

సంఖ్యాశాస్త్రం కోసం పేర్లలో చేర్చే అదనపు ఏ, హెచ్‌లు చెవికి అందనే అందవు. తప్పిపోయినవారి పేరు రాసుకునేటప్పుడు స్పెల్లింగు తప్పనిసరి.

పద్ధతి ఇది. మైకు నోటికి మూడు నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కగా పట్టుకోవాలి. ఎదురుగా పెడితే ప, బ లు పలికినప్పటి ఊపిరి మైకులో దబ్బుమంటుంది. బటన్ నొక్కి అర సెకను ఆగాలి. రిపీటర్ (మాటను అందుకుని మళ్లీ దూరానికి పంపే సెట్) మీదుగా వెళ్తుంటే ఒక సెకను. మాట మామూలుగా ఒకసారి చెప్పి, ‘ఐ స్పెల్’ అని, అక్షరాలను మూడేసి చొప్పున ఒకే వేగంతో చెప్పి, మాటను మళ్లీ చెప్పాలి. జంట అక్షరమైతే రెండుసార్లూ పూర్తిగా: ‘టాంగో, టాంగో’. విన్నవాళ్లు ‘ఓకే’ అంటే చాలదు, అవే మాటల్లో తిరిగి చదవాలి. తప్పు దొర్లితే ‘కరెక్షన్’ అని, తప్పిన అక్షరం ఒక్కటే కాకుండా ఆ మూడక్షరాల గుంపునంతా మళ్లీ చెప్పాలి. ఒక్క అక్షరమే దిద్దితే అది ఎక్కడిదో వినేవాళ్లకు తెలియదు.