ఒకే గొంతు, వంద గొంతుల్లా

ఎకో చాంబర్, అంటే ప్రతిధ్వని గది, అన్న మాటని ఈమధ్య ఒకే అభిప్రాయం పదేపదే తిరిగే గుంపుల గురించే వాడుతున్నాం గానీ, అది మొదట రికార్డింగ్ స్టూడియోలో ఒక గది. గట్టి, నున్నటి గోడలున్న ఖాళీ గదిలో ఒకచోట స్పీకరు, ఇంకోచోట మైకు, అంతే. వేరే గదిలో పాడినవాళ్ల గొంతుని ఇక్కడి స్పీకరులో వినిపిస్తారు, అది గోడలకి తగిలి తగిలి వచ్చాక మైకు పట్టుకుంటుంది, దాన్ని అసలు గొంతుకి తగినంత కలుపుతారు. 1947లో షికాగోలో బిల్ పుట్నమ్ అనే ఇంజనీరు హార్మోనికాట్స్ బృందం రికార్డుకి ఏకంగా బాత్రూమునే ఇలా వాడాడు. తర్వాత హాలీవుడ్‌లో క్యాపిటల్ స్టూడియో వాళ్లయితే ఇందుకోసం భూమి లోపల గదులే కట్టించారు.

గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. ఐదు మీటర్ల గదిలో ఎదురెదురు గోడల మధ్య తిరిగితే, ఒక్క సెకనులో 70 సార్ల దాకా గోడకి తగులుతుందన్నమాట. ఒకే గొంతుకి ఇన్ని కాపీలు! అయినా మనకి ఒక్కరే పాడుతున్నట్టు వినిపిస్తుంది, ఎందుకంటే కొన్ని పదుల మిల్లీసెకన్ల లోపు వచ్చే ప్రతిధ్వనుల్ని మెదడు మొదటి శబ్దంలోనే కలిపేసుకుని, మొదట వినబడ్డ దిక్కునే అసలు చోటుగా తీసుకుంటుంది. దీన్ని 1949లో హెల్ముట్ హాస్ లాంటివాళ్లు కొలిచి చూపించారు.

నాకు ఆశ్చర్యంగా అనిపించేది ఏంటంటే, చెవి ఇంత బాగా చేసే ఈ పనిని అభిప్రాయాల దగ్గర మనం చెయ్యలేం. మనస్తత్వవేత్త కింబర్లీ వీవర్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో, గుంపులో ఒకే మనిషి ఒకే మాట మూడుసార్లు అన్నా, ఆ అభిప్రాయం గుంపులో ఎక్కువమందికి ఉందని ఆ మాటలు చదివినవాళ్లు అనుకున్నారు. ఆ మాట ఒక్కరే అంటున్నారని తెలిసి కూడా! పదేపదే విన్నది తెలిసిన మాటలా అనిపిస్తుంది, తెలిసిన మాట అందరి మాటలా అనిపిస్తుంది. స్టూడియోలో అసలు గొంతు వేరే ట్రాకులో భద్రంగా ఉంటుంది, ఎకో ఎంత కలపాలో ఇంజనీరు చేతిలో ఉంటుంది. మన తలలో అలా రెండు ట్రాకులు ఉండవు.

పైగా గుంపులో మాట తిరిగేకొద్దీ గట్టిపడుతుంది కూడా. 1969లో ప్రచురించిన ప్రయోగంలో మోస్కోవిచి, జవల్లోని అనే మనస్తత్వవేత్తలు ఫ్రాన్సులో విద్యార్థుల్ని కూర్చోబెట్టి చర్చ పెడితే, ఆ దేశ నాయకుడు ద గాల్ అంటే ముందే ఇష్టం ఉన్నవాళ్లకి ఆ ఇష్టం ఇంకా పెరిగింది.

అవతలివాళ్ల మాట వినిపిస్తే చాలు, ఇదంతా పోతుందని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. తత్వవేత్త సి. థి న్యూయెన్ ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా చెప్పాడు: అవతలి మాట అసలు చెవినే పడకపోవడం వేరు, పడినా నమ్మకూడదని ముందే మనసులో నాటుకుపోవడం వేరు. రెండోదే అసలైన ఎకో చాంబర్. బయటి మాట లోపలికి వస్తుంది, కానీ "చూశారా, వాళ్లు ఇలాగే అంటారని చెప్పాంగా" అన్న రుజువుగా మారిపోతుంది.

మరి గుంపు పట్టు దేనితో సడలుతుంది? మనస్తత్వవేత్త సోలమన్ ఆష్ 1950ల్లో చేసిన ప్రయోగాల్లో గీతల పొడవు పోల్చమంటే, ముందే కూడబలుక్కున్న గుంపు కావాలని తప్పు చెప్పేది. ఏమీ తెలియకుండా వచ్చిన మనిషి దాదాపు మూడో వంతు సార్లు వాళ్లతో కలిసి తప్పు చెప్పాడు. గుంపులో ఒక్కరు తేడాగా మాట్లాడితే చాలు, ఆ తప్పులు బాగా తగ్గాయి. ఆ ఒక్కరు చెప్పింది గుంపు చెప్పినదాని కంటే పెద్ద తప్పు అయినప్పుడు కూడా తగ్గాయి.