బెజవాడ ఎలా పెరిగింది: అపోహలు – వాస్తవాలు

బెజవాడలో పాత ఊరు తిప్పి చూపించడం నా పని. వచ్చేవాళ్లు ఎక్కువగా ఇవే చెప్తారు.

అపోహ: బెజవాడ అనాదిగా మహానగరం.
వాస్తవం: పాత ఊరే, మహానగరం మాత్రం కాదు. 10వ శతాబ్దం నాటి తూర్పు చాళుక్య రాజు యుద్ధమల్లుడి శాసనం ఇక్కడి మల్లేశ్వరస్వామి గుడిలో దొరికింది, అదీ మధ్యాక్కర అనే తెలుగు ఛందస్సు పద్యాల్లో. చేబ్రోలు నుంచి జాతరకని వచ్చిన కుమారస్వామి ఇక్కడే ఉండిపోయాడని అందులో ఉంది. అంటే గుడి, మఠం, జాతర ఉన్న క్షేత్రం, అంతే. కోట కొండపల్లిలో, ఓడల వ్యాపారం బందరులో. 1901 జనాభా లెక్కల్లో కూడా బెజవాడ జనం 24 వేలు, బందరు జనం 39 వేల పైచిలుకు. ఈ లెక్క చెప్తే బందరువాళ్లు మీసం మెలేస్తారు, మెలెయ్యనివ్వండి.

అపోహ: ప్రకాశం బ్యారేజీ వచ్చాకే ఊరు ఎదిగింది.
వాస్తవం: వందేళ్లు వెనక్కి వెళ్లాలి. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, మధ్యలో కృష్ణ పన్నెండు వందల మీటర్ల చిల్లరకి ఇరుకైపోతుంది, ఆనకట్టకి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? 1832–33 కరువు గుంటూరు సీమని ఊడ్చేశాక మొదలైన ఆలోచన అది. 1852లో పని మొదలుపెట్టి 1855కి కట్టేశారు. 1952లో దానికి గండి పడితేనే 1957 నాటికి ఇప్పటి బ్యారేజీ వచ్చింది.

అపోహ: కాలువలు పొలాలకే.
వాస్తవం: ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఊరి మధ్యలోంచి పోయే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఒకప్పుడు రోడ్ల కింద లెక్క. ఏలూరు దగ్గర గోదావరి కాలువల్లో కలిసి పడవలు తూర్పుకి పోయేవి, కృష్ణ అవతలి ఒడ్డు నుంచి కొమ్మమూరు కాలువ పట్టుకుని బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా వెళ్లేవి. లాకుల (కాలువ ఎత్తు మారేచోట కట్టిన తలుపుల) దగ్గర నీళ్లు సమానమయ్యేదాకా పడవ ఆగాల్సిందే, సరుకు బేరాలకి అదే సందు.

అపోహ: రైలు రాకతో పడవల పని అయిపోయింది.
వాస్తవం: వెంటనే కాదు. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది, 1893లో కృష్ణ మీద వంతెన పడింది. పడవలో వచ్చిన ధాన్యం ఇక్కడే రైలెక్కేది, గిడ్డంగులూ కొట్లూ వన్‌టౌన్ చుట్టూ పెరిగింది దానివల్లే.