చక్కెరల మీద పీహెచ్‌డీ చేస్తే ఫార్మాలో ఉద్యోగం రాదా?

"మేడం, మా అమ్మాయికి పీహెచ్‌డీ సీటు వచ్చింది. గైడుగారు కార్బోహైడ్రేట్ల మీద, అంటే చక్కెరల మీద, చేయమంటున్నారట. రేపు పరవాడ ఫార్మా సిటీలో ఎవరు తీసుకుంటారు?" అనకాపల్లి నుంచి ఒక బెల్లం వ్యాపారి ఫోను. ఇలాంటి ఫోను ఈ ఏడాది ఇది నాలుగోది. ఐదేళ్ల చదువు కాబట్టి తండ్రికి బెంగ సహజం. పుకారు మోసేవాళ్ల మీదే నా కోపమంతా. నిరుడు ఇదే మాట నమ్మి ఒక కుర్రవాడు సీటు వదులుకున్నాడు.

అపోహ: చక్కెరల కెమిస్టులకు ఫార్మాలో పని లేదు.

వాస్తవం: మధుమేహానికి వాడే డపాగ్లిఫ్లోజిన్‌లో ఉన్నది గ్లూకోజు వలయమే. దాని తయారీ సాధారణంగా గ్లూకోజు నుంచే వచ్చే గ్లూకోనోలాక్టోన్‌తో మొదలవుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఫాండాపరినక్స్ ఐదు చక్కెరల గొలుసు. యాభైకి పైగా దశల్లో చేయాల్సిన ఆ మందు జెనెరిక్‌ను 2011లో అమెరికాలో విడుదల చేసింది మన డాక్టర్ రెడ్డీస్.

ఇక నేర్పు సంగతి. ప్రోటీన్లలో ఉండే గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం అణువులు రెండింటిని కలిపితే వచ్చే జంట (డైపెప్టైడ్) ఒక్కటే. ఆరు పరమాణువుల వలయంగా (పైరనోజు) ఉన్న రెండు డి-గ్లూకోజులను కలిపితే 11 రకాల జంట చక్కెరలు (డైశాకరైడ్లు) రావచ్చు. వాటిలో కావలసిన ఒక్కదాన్నే రాబట్టడం నేర్చినవాళ్లు మందుల తయారీ పద్ధతులు రూపొందించే ఏ ప్రాసెస్ ల్యాబ్‌లోనైనా నెగ్గుకొస్తారు.

నా పీహెచ్‌డీ మొదటి ఏడాది వానాకాలంలో గ్లైకోసిలేషన్, అంటే ఒక చక్కెరను (డోనరు) ఇంకో అణువుకు (యాక్సెప్టరు) అతికించే చర్య, వరసగా పాడైంది. చర్యలో ఏమేం తయారయ్యాయో విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటును సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి కాల్చిన ప్రతిసారీ కింద అదే నల్ల మచ్చ, డోనరు నీటితో చర్య జరిపి మిగిల్చిన హెమీఎసిటాల్ అనే పనికిరాని పదార్థం. ఏడుపు వచ్చేది. "సముద్రం పక్కన ఉన్నాం, గాలి నిండా తేమే" అని ఒక సీనియరు అక్క తేమను పీల్చే గుళికలైన మాలిక్యులర్ సీవ్స్‌ను వాక్యూంలో వేడిచేయడం, డోనరునూ యాక్సెప్టరునూ టోలుయీన్ ద్రావకంలో కలిపి మూడుసార్లు ఆవిరి చేసి తేమ తీసేయడం చేయి పట్టుకుని నేర్పింది. ఆ తర్వాత అణువు నిర్మాణం చూపే ఎన్‌ఎంఆర్‌లో ఎనిమిది హెర్ట్జ్ డబ్లెట్ (జంట గీత) కనిపించింది. బీటా బంధం, కావలసిందే! పదేళ్ల తర్వాత కంపెనీలో ఒక బ్యాచ్ దిగుబడి పడిపోతే నేను మొదట అడిగింది నీటి శాతం చెప్పే కార్ల్ ఫిషర్ రీడింగే. తప్పు అక్కడే దొరికింది.

మిగతా అపోహలకు ఒక్కో మాట చాలు. చక్కెర గొలుసులు కట్టే యంత్రాలు వచ్చేశాయంటారు. 2001 నుంచీ ఉన్నాయి, వాటిలో వేసే బిల్డింగ్ బ్లాకులను, అంటే గొలుసు కట్టే ముక్కలను, మాత్రం కెమిస్టులే చేయాలి. చేసినవన్నీ తియ్యగా ఉంటాయన్నది ఉత్త మాట, ల్యాబ్‌లో దేన్నీ రుచి చూడకూడదు.

ఆ తండ్రికి చెప్పాను, గైడుగారిని రెండే అడగమని: ఎన్‌ఎంఆర్ సమయం వారానికి ఎంత దొరుకుతుంది, విద్యార్థులు పదార్థాన్ని గ్రాముల్లో చేస్తారా, మిల్లీగ్రాములతోనే ఆపేస్తారా?