జీపీసీ తక్కువ చూపిందని శాంపిల్ పారబోయకండి

మొన్న రాత్రి ఒక పీహెచ్‌డీ విద్యార్థిని ఫోన్ చేసింది. నాలుగో జనరేషన్ పామామ్ డెండ్రిమర్ చేసింది. డెండ్రిమర్ అంటే మధ్యలో ఉండే కోర్ చుట్టూ వరస మీద వరస కొమ్మలు వేసి కట్టే పాలిమర్, ఒక్కో వరస ఒక్కో జనరేషన్. అణుభారం 14,215 రావాలి. నీళ్ళలో నడిపిన జీపీసీలో (జెల్ నింపిన కాలమ్ గుండా పంపి అణువుల్ని విడదీసే జెల్ పర్మియేషన్ క్రొమటోగ్రఫీ) అందులో సగం కూడా కనబడలేదు. "రియాక్షన్ ఫెయిల్ అయింది సర్, మళ్ళీ కోర్ నుంచి మొదలుపెట్టమంటున్నారు" అంది. గొంతులో ఏడుపు తెలుస్తోంది. ఇలాంటి ఫోన్ నాకు ఏటా రెండు మూడు సార్లు వస్తుంది, అందుకే రాస్తున్నాను.

జీపీసీ చూపేదే అసలు అణుభారం అన్న నమ్మకం మా రంగంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ. కాలమ్ తూకం వెయ్యదు. ద్రావణంలో అణువు ఎంత చోటు ఆక్రమించిందో చూసి విడదీస్తుంది, అంతే. మనం కాలిబ్రేషన్‌కి వాడేవేమో పాలిఇథిలీన్ ఆక్సైడ్, పుల్లులాన్ లాంటి లీనియర్, అంటే కొమ్మల్లేని, గొలుసులు. అవి నీళ్ళలో వదులుగా విచ్చుకుంటాయి. కొమ్మలున్న అణువు అదే బరువుతో ముడుచుకుని ఉంటుంది. నాలుగో జనరేషన్ పామామ్ వ్యాసం దాదాపు 4.5 నానోమీటర్లు, ఐదోది 5.4. బరువు రెట్టింపైనా వ్యాసం పెరిగింది ఐదో వంతే. అలాంటి అణువును లీనియర్ కొలబద్దతో కొలిస్తే తక్కువ రాక ఏం వస్తుంది? కొమ్మలు వేస్తే గొలుసు ఎంత కుదించుకుంటుందో జిమ్, స్టాక్‌మేయర్ అనే శాస్త్రవేత్తలు 1949లోనే లెక్కకట్టారు. అయినా రివ్యూల్లో ఇప్పటికీ "జీపీసీ విలువ సరిపోలేదు" అని రాసేవాళ్ళున్నారు. చదివితే కోపమొస్తుంది.

నీళ్ళలో ఇంకో చిక్కు ఉంది. పామామ్ చివర్లలో ఉండే 64 అమీన్లు న్యూట్రల్ పీహెచ్ దగ్గర పాజిటివ్ చార్జి మీద ఉంటాయి. కాలమ్‌లో నెగటివ్ చోట్లుంటే అక్కడ అతుక్కుని ఆలస్యంగా బయటికొస్తాయి. ఆలస్యంగా వచ్చిందంటే చిన్న అణువని సాఫ్ట్‌వేర్ రాసేస్తుంది. ఆమె వాడింది ఉప్పు కలపని నీళ్ళు! ఆమ్ల బఫర్‌లో తగినంత ఉప్పు వేసి మళ్ళీ నడపమన్నాను. కాలిబ్రేషన్ మీద ఆధారపడకుండా, వెలుతురు ఎంత చెదిరిందో చూసి అణుభారం చెప్పే లైట్ స్కాటరింగ్ డిటెక్టర్ కూడా పెట్టించమన్నాను.

నిజంగా ఫెయిల్ అయిన బ్యాచ్‌లూ ఉంటాయి, కాదనను. కొమ్మలు పూర్తిగా రాకపోవడం, రెండు అణువులు అతుక్కోవడం మామూలే. వాటిని పట్టించేది అణువు బరువు చూపే మాస్ స్పెక్ట్రం, చివరి గ్రూపుల్ని లెక్కపెట్టే ఎండ్ గ్రూప్ టైట్రేషన్. కాలమ్ ఒక్కటే చెప్పిన మాట మీద తీర్పు ఇవ్వకూడదు. నా పీహెచ్‌డీ రెండో ఏడాదిలో నేను ఆ తీర్పే ఇచ్చాను. మూడు నెలల పని సింక్‌లో పోసేశాను. ఆ శాంపిల్‌కి అంతకుముందే తీసిన ఎన్ఎంఆర్ (అణువు నిర్మాణం చూపే స్పెక్ట్రం) తర్వాత తీరిగ్గా చూస్తే చివరి గ్రూపుల లెక్క సరిగ్గానే ఉంది. ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వ్యాక్యూమ్‌లో రాత్రంతా పెడితే శాంపిల్ పూర్తిగా ఎండిపోతుందని అనుకోవడం రెండో తప్పు. హైపర్‌బ్రాంచ్‌డ్ పాలిగ్లిసరాల్ (విపరీతంగా కొమ్మలున్న మరో పాలిమర్) సీసా మూత తీశాక తూకం వేసేలోపే గాల్లో తేమ పీలుస్తుంది. మీరు తూచిన 10 మిల్లీగ్రాముల్లో 1 మిల్లీగ్రాము నీళ్ళే అయితే గాఢత అక్కడే తప్పింది. దాని మీద కట్టిన విస్కాసిటీ, లైట్ స్కాటరింగ్ లెక్కలన్నీ తప్పుతాయి. శాంపిల్‌లో నీరెంతో కొలిచే కార్ల్ ఫిషర్ టైట్రేషన్ చేయించి, ఆ నీటి బరువు తీసేసి లెక్క కట్టండి.

మిగతావి త్వరగా చెప్తాను. కొమ్మలుంటే నీళ్ళలో కరగదనే మాట తప్పు. కొమ్మల్లేని సెల్యులోజ్ కరగదు, విపరీతంగా కొమ్మలున్న గ్లైకోజన్ కరుగుతుంది. కరగనిది క్రాస్‌లింక్ అయిన వల, అది ఉబ్బుతుంది తప్ప కరగదు. కొమ్మలు, వల ఒకటి కావు. డెండ్రిమర్ లోపల ఖాళీ గది ఉంటుందన్న బొమ్మ ద జెన్, హెర్వే అనే శాస్త్రవేత్తల 1983 నాటి సిద్ధాంతం నుంచి వచ్చింది. చివర్లు లోపలికి మడుచుకుంటాయనీ, నీళ్ళు లోపలిదాకా వెళ్తాయనీ తర్వాతి లెక్కలు, న్యూట్రాన్ ప్రయోగాలు చూపించాయి.

ఇక "బౌండ్ వాటర్", అంటే పాలిమర్‌ని అంటిపెట్టుకున్న నీరు. డీఎస్‌సీలో (చల్లబరుస్తూ, వేడిచేస్తూ ఉష్ణం మార్పు కొలిచే పరీక్ష) గడ్డకట్టని నీరు కనిపిస్తే అది పాలిమర్‌కి శాశ్వతంగా అతుక్కుపోయిందని కాదు. ఆ అణువులు బయటి నీటితో ఎడతెగకుండా చోట్లు మార్చుకుంటూనే ఉంటాయి. నీళ్ళలో హైడ్రోజన్ బంధం ఆయుష్షు పికోసెకన్లలో ఉంటుంది, పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు. నీటి నిర్మాణాన్నే మార్చేశామని చెప్పే ప్రకటనల్ని నమ్మకండి. 1960ల్లో నీటికి కొత్త రూపం దొరికిందంటూ "పాలీవాటర్" అని ప్రపంచమంతా హడావిడి జరిగింది, చివరికి తేలింది మలినాలే.

నిన్న ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది. బఫర్ మార్చాక పీక్ ముందుకు జరిగింది, అంటే శాంపిల్ కాలమ్ నుంచి త్వరగా బయటికొచ్చింది. పీక్ తోక కూడా తగ్గింది. లైట్ స్కాటరింగ్ స్లాట్ వచ్చే సోమవారం దొరికిందట. సీసా ఫ్రిజ్‌లోనే ఉంది.