పత్తి బీటీ, దొమ్మరోగం, పాడైన అన్నం: మూడింటి వెనకా ఉన్న మట్టి బాక్టీరియా మీద అపోహలు - వాస్తవాలు

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర. మట్టిలోంచి బాసిల్లస్ బాక్టీరియా తీసి, దగ్గరి జాతుల జీనోములు, అంటే వాటి మొత్తం డీఎన్‌ఏ, పక్కపక్కన పెట్టి పోల్చడం నా పని. ఊరెళ్తే అవే ప్రశ్నలు వస్తున్నాయి, అందుకే రాస్తున్నా.

అపోహ: బీటీ (పురుగుమందుగా వాడే బాక్టీరియా), దొమ్మరోగం (ఆంత్రాక్స్) ఒకటే, చేలో కొడితే గొడ్లకు తగులుతుంది.

మా చిన్నాన్న పత్తి చేలో నిలబడి అడిగిన మాట ఇది. పక్కనే కొరాపుట్‌లో ఆంత్రాక్స్ మాటిమాటికీ బయటపడుతుంది కాబట్టి ఆ భయంలో అర్థం ఉంది, పైగా బంధుత్వం కూడా నిజమే. బీటీ అనే థురింజియెన్సిస్, దొమ్మరోగం తెచ్చే ఆంత్రాసిస్, అన్నాన్ని పాడుచేసే బాసిల్లస్ సీరియస్, ఈ మూడు బాక్టీరియాలూ అక్కచెల్లెళ్లు. ఆంత్రాసిస్, సీరియస్ జీనోములు 2003లో వచ్చాయి, ఒక్కో క్రోమోజోములో 50 లక్షలకు పైగా డీఎన్‌ఏ అక్షరాలు, జన్యువుల్లో ఎక్కువ భాగం ఉమ్మడి ఆస్తి. అసలు తేడా ప్లాస్మిడ్లు అనే చిన్న విడి డీఎన్‌ఏ చుట్టల్లో ఉంటుంది. ఆంత్రాసిస్‌కి అలాంటివి రెండు: పీఎక్స్‌ఓ1లో విషం జన్యువులు, పీఎక్స్‌ఓ2లో మన రక్తకణాల నుంచి కాపాడే పై తొడుగు జన్యువులు. పశువులకు వేసే స్టెర్న్ టీకా కూడా ఆంత్రాసిస్సే, కాకపోతే ఆ రెండో చుట్ట లేనిది! బీటీ మందులో ఈ రెండూ ఉండవు, దాని ప్లాస్మిడ్లలో ఉండేవి స్ఫటికాలు తయారుచేసే క్రై జన్యువులు. మైక్రోస్కోపులో చూస్తే బీజం (బాక్టీరియా గట్టి పెంకుతో నిద్రపోయే రూపం) పక్కనే పటికబెల్లం పలుకులాంటి స్ఫటికం కనిపిస్తుంది, పురుగును చంపేది అదే. ఇక 2002 నుంచి మన దేశంలో సాగవుతున్న బీటీ పత్తి విత్తనంలో బాక్టీరియానే లేదు, దాని జన్యువు మాత్రమే ఉంది.

భయపడాల్సింది ఎక్కడంటే, ఉన్నట్టుండి చచ్చిన పశువు దగ్గర. ముక్కులోంచి గడ్డకట్టని రక్తం కారుతుంటే కోయొద్దు, మాంసం పంచుకోవద్దు, పశువుల డాక్టరును పిలవండి. కోస్తే గాలి తగిలి బీజాలు తయారవుతాయి, అవి మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి.

అపోహ: బాక్టీరియా జాతిని గుర్తించడానికి మామూలుగా చూసే 16ఎస్ జన్యువు చదివిస్తే జాతి తేలిపోతుంది.

ఈ ముగ్గురిలో అది దాదాపు ఒకేలా ఉంటుంది. తేలదు.

అపోహ: జీనోములో కనపడలేదంటే ఆ జన్యువు లేనట్టే.

ఇది నేనే నమ్మి దెబ్బతిన్నా. ఒక మట్టి నమూనాను వేడి ఎక్కువున్న ఇంక్యుబేటర్‌లో పదేపదే పెంచి, ఆ తర్వాత సీక్వెన్సింగ్‌కి, అంటే డీఎన్‌ఏ చదివించడానికి, పంపాను. క్రై జన్యువు లేదని వచ్చింది, కానీ మొదటి రోజు తీసిన ఫొటోలో స్ఫటికాలు స్పష్టంగా ఉన్నాయి. ఆ వేడికి ప్లాస్మిడ్ జారిపోయింది. ఇప్పుడు మొదట పెరిగిన కాలనీనే (బాక్టీరియా గుంపు) ఫ్రీజర్లో దాస్తాను.

అపోహ: రాత్రంతా బయట వదిలేసిన అన్నాన్ని బాగా వేయిస్తే ఏమీ కాదు.

వాంతులు తెప్పించే సీరియులైడ్ అనే విషం వేయిస్తే పోదు. దాన్ని తయారుచేసే జన్యువులూ ప్లాస్మిడ్ మీదే, అదీ పీఎక్స్‌ఓ1కి చుట్టమైన ప్లాస్మిడ్.

అపోహ: బాక్టీరియా పేరు బాసిల్లస్ సీరియస్ అయితే ఊపిరితిత్తులకు ప్రమాదం లేదు.

జీ9241 అనే రకానికి సీరియస్ అనే పేరు, అయినా లోపల పీఎక్స్‌ఓ1 లాంటి ప్లాస్మిడ్ ఉంది, ఆంత్రాక్స్ లాంటి న్యుమోనియా తెచ్చింది. 2004లో దాని జీనోము వచ్చాక నేను పేరు కంటే ముందు ప్లాస్మిడ్లే చూస్తాను.

"మరి మన చేలో ఏముందిరా?" అన్నాడు చిన్నాన్న. గట్టు పక్కన చెంచాడు మట్టి తీసి డబ్బాలో వేసుకొచ్చాను. స్ఫటికాలున్న కాలనీ ఒకటి దొరికింది, ఈసారి వేడి తగలనివ్వలేదు.