ఆరాధన: మన సంఘాల్లో వినబడే అపోహలు, బైబిల్ చెప్పే వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పాస్టరుగా సేవ చేస్తున్నాను. ఆరాధన అయ్యాక మందిరం బయట, కుటుంబ ప్రార్థనల్లో విశ్వాసులు నన్ను అడిగే ప్రశ్నలు చాలావరకు ఆరాధన గురించే. కొన్ని అపోహల వల్ల మంచి విశ్వాసులే మందిరానికి రావడం మానేస్తున్నారు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

అపోహ: పాటలే ఆరాధన. తర్వాత జరిగేది వాక్యం, అంటే బైబిల్ బోధ.

"ఆరాధన అయిపోయింది, ఇప్పుడు వాక్యం" అని మైకులో చెప్పేది మనమే కాబట్టి ఈ అపోహకు బాధ్యత కూడా సేవకులదే. అపొస్తలుల కార్యములు 2:42 ప్రకారం తొలి విశ్వాసులు అపొస్తలుల బోధలో, సహవాసంలో, రొట్టె విరవడంలో, ప్రార్థనలో ఎడతెగక ఉన్నారు. రోమా 12:1లో అపొస్తలుడు పౌలు మన శరీరాలనే సజీవయాగంగా సమర్పించుకోమన్నాడు. అలాంటప్పుడు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో సోమవారం తూకం సరిగ్గా వేయడం, పప్పు ఒలిచిన ఆడవాళ్లకు రావలసిన కూలి ఆపకుండా ఇవ్వడం కూడా ఆరాధనలో భాగమే. ఆమోసు ప్రవక్త గ్రంథం ఐదో అధ్యాయంలో దేవుడు మీ పాటల ధ్వని నాకు వద్దన్నాడు, న్యాయాన్ని నీళ్లలా పారనివ్వమన్నాడు. ఆ ప్రజలు పాటలు బాగానే పాడారు. బీదలను తొక్కిపెట్టి పాడారు, అదీ సంగతి.

అపోహ: దేవుని సన్నిధికి సంతోషంగానే రావాలి. ఏడుపు అవిశ్వాసం.

దీని గురించి కొంచెం ఎక్కువే రాయాలి. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లి వచ్చే మనిషిని నిలబెట్టి, "చేతులెత్తండి, గట్టిగా హల్లెలూయ చెప్పండి, సాక్ష్యం చెప్పండి" అంటే ఆయనకు అదో టెన్షన్. పైకి నవ్వలేక, లోపలిది చెప్పలేక, పై వారం నుంచి రావడం మానేస్తాడు. "విశ్వాసం తగ్గింది" అని మనం తీర్పు చెప్పేస్తాం.

కీర్తనల గ్రంథం తెరవండి. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే, విలాపాలే. 13వ కీర్తన "ఎన్నాళ్లు నన్ను మరచిపోతావు?" అని దేవుణ్ణే నిలదీస్తుంది. 88వ కీర్తనైతే ఏ ఓదార్పూ లేకుండా చీకట్లోనే ముగుస్తుంది. అయినా దాన్ని ఎవరూ గ్రంథంలోంచి తీసెయ్యలేదు. యేసు ప్రభువు సిలువ మీద "నా దేవా, నన్నేల చెయ్యి విడిచితివి" అని అరిచినవి 22వ కీర్తనలోని మొదటి మాటలే. ప్రభువే అలా ప్రార్థిస్తే, మన అక్కచెల్లెళ్లు ఏడిస్తే అవిశ్వాసం ఎలా అవుతుంది?

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కొబ్బరి చెట్లనూ జీడి తోటలనూ నేలమట్టం చేసింది. ఆ తర్వాతి ఆదివారం ఉత్సాహ గీతాలు పక్కన పెట్టి 13వ కీర్తనే అందరం కలిసి నెమ్మదిగా చదివాం. అది పూర్తి ఆరాధనే. అలాంటి కీర్తనను నెలకు ఒక్కసారైనా సంఘంలో చదివించమని తోటి సేవకులను బతిమాలుతున్నాను.

అపోహ: పాత క్రైస్తవ కీర్తనలే పరిశుద్ధం, డప్పు లోకసంబంధం.

మన పక్కనే ఉన్న పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో క్రైస్తవ కీర్తనలు రాసినప్పుడు ఇక్కడి వాళ్ల చెవికి అలవాటైన రాగాలనే తీసుకున్నారు. 150వ కీర్తనలో బూర, తంబుర, తాళాలు, పిల్లనగ్రోవి, నాట్యం అన్నీ ఉన్నాయి. డప్పు తప్పు కాదు. అయితే స్పీకర్ల మోతలో పక్కవాడి గొంతు వినబడకపోతే సంఘం పాడటం ఆగిపోయినట్టే. 1 కొరింథీ 14 చివర్లో పౌలు అన్నీ మర్యాదగా, క్రమంగా జరగాలన్నాడు.

అపోహ: కానుక ఎంత పెద్దదైతే ఆశీర్వాదం అంత పెద్దది.

కాదు. 2 కొరింథీ 9:7 చదవండి. సణుక్కుంటూ వద్దు, బలవంతంగా వద్దు, ఎవరి హృదయంలో నిశ్చయించుకున్నంత వాళ్లు ఇవ్వాలి. మైకులో పేర్లూ మొత్తాలూ చదవడం ఆపేద్దాం.

అపోహ: మనసులో ఏ చిన్న లోపం ఉన్నా ప్రభువు బల్ల తీసుకోకూడదు, తీసుకుంటే జబ్బు చేస్తుంది.

ఈ భయంతో ఏళ్ల తరబడి ప్రభువు బల్లకు, అంటే యేసును జ్ఞాపకం చేసుకుంటూ సంఘం పంచుకునే రొట్టెకూ ద్రాక్షారసానికీ, దూరంగా వెనక బెంచీలో కూర్చునే పెద్దమ్మలు నాకు తెలుసు. 1 కొరింథీ 11ను 17వ వచనం నుంచి చదవాలి. కొరింథు సంఘంలో కలిగినవాళ్లు ముందే తినేసి మత్తులో ఉన్నారు, లేనివాళ్లు ఆకలితో నిలబడ్డారు. పౌలు గద్దించింది బీదలను అలా సిగ్గుపరచినందుకు. తనను తాను పరీక్షించుకోమన్నాడు నిజమే, కానీ అలా పరీక్షించుకుని తినమన్నాడు. మానేయమనలేదు. అన్నదమ్ములతో తగువుంటే ముందు సమాధానపడమని మత్తయి 5లో ప్రభువు చెప్పాడు కదా, ఆ పని చేసి ధైర్యంగా రండి.

1 కొరింథీ 11 చివర్లో పౌలు ఇచ్చిన ఆజ్ఞ, ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండమని. వరి నాట్ల రోజుల్లో ఆదివారం కూడా కూలికి వెళ్లక తప్పని వాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్లు లేకుండా పొద్దున్నే బల్ల ముగించే బదులు, ఆ నెల సాయంత్రం పెట్టుకోండి. ప్రభువు దాన్ని మొదట ఇచ్చింది కూడా రాత్రి భోజనం దగ్గరే.