ఇంగ్లీష్ 101: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో బ్యాచిలర్స్‌కి వచ్చే మన పిల్లలు కాలిక్యులస్ గురించీ, కోడింగ్ గురించీ బోలెడంత ఆరా తీసి విమానం ఎక్కుతారు. మొదటి ఏడాదే నెత్తిన పడే రైటింగ్ కోర్సు విషయంలో మాత్రం సీనియర్ల వాట్సాప్ గ్రూపులో విన్నదే వేదం. అందులో తిరిగేది సగం పుకారు, మిగతా సగం ఆ చెప్పినవాడి ప్రొఫెసర్ దగ్గర మాత్రమే చెల్లేది. ఇంగ్లీష్ 101 అన్నా, 1301 అన్నా, ఫస్ట్ ఇయర్ కాంపోజిషన్ అన్నా పని దాదాపు ఒకటే: మూడు క్రెడిట్లు, మూడో నాలుగో పెద్ద పేపర్లు, ఒక్కోదానికి రెండు మూడు డ్రాఫ్టులు, చాలాచోట్ల చివర్లో ఆ పేపర్లన్నీ కలిపి ఇచ్చే పోర్ట్‌ఫోలియో.

అపోహ: "రివిజన్ అంటే గ్రామర్ తప్పులు దిద్దుకోవడం. గ్రామర్లీలో వేసి ఎర్రగీతలు పోగొడితే చాలు."

గ్రేడ్లు ఎక్కువగా పోయేది ఇక్కడే. జరిగేది ఎప్పుడూ ఒకటే. మొదటి డ్రాఫ్టుకి సి ప్లస్ వస్తుంది. రాత్రంతా కూర్చుని ఆర్టికల్స్, ప్రిపొజిషన్స్, స్పెల్లింగులు అన్నీ సరిచేసి మళ్లీ ఇస్తారు. మళ్లీ సి ప్లస్సే. "అన్నీ దిద్దాను కదా, ఈయనకి మనవాళ్లంటే పడదు" అన్న నిర్ణయానికి వచ్చేస్తారు. ఆ బాధ నిజమే, కారణం మాత్రం అది కాదు. అసైన్‌మెంట్‌తో ఇచ్చిన రూబ్రిక్, అంటే దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక, తీసి చూడండి. థీసిస్ (పేపర్ మొత్తం నిలబెట్టే ఒక్క వాక్యం వాదన), ఆధారాలు, వాటిని విశ్లేషించిన తీరు, పేరాల అమరిక... వీటికే ఎక్కువ మార్కులు. వాక్య దోషాల వాటా సాధారణంగా చిన్నది, అదీ చివరి వరుసలో ఉంటుంది. మార్కులున్న చోట చెయ్యి పెట్టకుండా లేని చోట రాత్రంతా తోమితే గ్రేడు ఎందుకు కదులుతుంది?

ఇది మన పిల్లలకే ఉన్న జబ్బు కూడా కాదు. 1980లో నాన్సీ సామర్స్ అనే పరిశోధకురాలు 20 మంది ఫస్ట్ ఇయర్ విద్యార్థులనీ, 20 మంది అనుభవమున్న రచయితలనీ పక్కపక్కన పెట్టి చూశారు. విద్యార్థులకి రివిజన్ అంటే మాటలు మార్చడం. అనుభవజ్ఞులకి తమ వాదన ఏమిటో, దాని ఆకారం ఏమిటో వెతుక్కోవడం. అంటే అమెరికాలో పుట్టిన పిల్లలకీ ఈ తిప్పలున్నాయి. మనకి అదనంగా ఉన్నదల్లా టెన్త్, ఇంటర్‌లో బట్టీ పట్టిన వ్యాసం అచ్చు: ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ముగింపు.

స్కూళ్లలో సెల్‌ఫోన్ నిషేధం మీద నాలుగు పేజీల డ్రాఫ్టు ఒకటి ఊహించుకోండి. మొదటి వాక్యం: "నేటి ఆధునిక ప్రపంచంలో సెల్‌ఫోన్ కీలక పాత్ర పోషిస్తోంది." రెండో పేరా లాభాలు, మూడోది నష్టాలు, నాలుగోది ఫోన్ వ్యసనం. ఐదో పేరా చివర ఎక్కడో ఒక వాక్యం: సాయంత్రం పనికి వెళ్లే పిల్లలకి షిఫ్టు మారిందన్న మెసేజ్ మధ్యాహ్నమే వస్తుంది. ఆరో పేరాలో "ప్రతిదానికీ మంచీ చెడూ రెండూ ఉంటాయి." గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు. అయినా పేపర్‌కి తలా తోకా లేదు, రాసినవాళ్లు ఏమనుకుంటున్నారో తెలియదు. ప్రాణమున్న వాక్యం ఆ షిఫ్టు మెసేజ్ ఒక్కటే. రివిజన్ అంటే దాన్ని పట్టుకుని పైకి లాగడం. కొత్త థీసిస్ ఇలా అవుతుంది: "మొదటి బెల్లు నుంచి చివరి బెల్లు దాకా నిషేధిస్తే ఆ భారం ఉద్యోగం చేసుకునే పిల్లల మీద ఎక్కువ పడుతుంది కాబట్టి లంచ్ వేళ మినహాయింపు ఉండాలి." దీంతో ఎవరైనా విభేదించగలరు. విభేదించడానికి వీల్లేనిది థీసిస్ కాదు. ఇప్పుడు లాభాల పేరా ఎగిరిపోతుంది, నష్టాల పేరా ఎదుటివారి వాదనగా మారుతుంది, పాతదాంట్లో సగం మిగలదు. ఏం ఫర్వాలేదు, అలా పోవడమే పని.

దీన్ని చెయ్యడానికి ఒక పద్ధతుంది, రివర్స్ అవుట్‌లైన్ అంటారు. డ్రాఫ్టు పూర్తయ్యాక కనీసం ఒక రాత్రి దాని మొహం చూడకండి. తర్వాత ప్రింటు తీసి పేరాలకి నంబర్లు వెయ్యండి. ప్రతి పేరా పక్కనా రెండు ముక్కలు రాయాలి: ఈ పేరా ఏం చెబుతోంది, థీసిస్‌కి ఏం చేస్తోంది. పది పన్నెండు మాటల్లో రాయలేకపోతే ఆ పేరాలో రెండు విషయాలున్నాయి, విడగొట్టండి. రెండు పేరాల పక్కన ఒకే మాట వస్తే కలపండి. "థీసిస్‌కి ఏం చేస్తోంది" అన్నదాని దగ్గర పెన్ను ఆగిపోతే ఆ పేరా తీసెయ్యాలి, లేదా థీసిసే మారాలి. మన పిల్లలు తడబడేది ఈ రెండోదాని దగ్గర. థీసిస్ ముందే రాశాం కనుక అది శాసనం అనుకుంటారు. చాలా డ్రాఫ్టుల్లో అసలు థీసిస్ చివరి పేజీలో ఉంటుంది, ఎందుకంటే రాస్తూ రాస్తూ అక్కడికి వచ్చేసరికి గానీ మన అభిప్రాయం మనకే తెలియదు. దాన్ని కోసి మొదటి పేజీలో అతికించి, అక్కడి నుంచి మళ్లీ రాయండి. గ్రామర్ ఇదంతా అయ్యాకే. ఎలాగూ తీసెయ్యబోయే పేరాలో కామాలు దిద్దడం వృథా.

డబుల్ స్పేస్, 12 పాయింట్, అంగుళం మార్జిన్‌తో నాలుగు పేజీలంటే సుమారు 1,100 మాటలు. దీనికి పది రోజులుంటే మొదటి నాలుగు రోజుల్లో చెత్తగానైనా డ్రాఫ్టు ముగించండి, ఒక రోజు వదిలెయ్యండి, మూడు రోజులు రివిజన్‌కి, చివరి రెండు రోజులు వాక్యాలకి, సైటేషన్లకి (ఏది ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పడానికి). ఆఖరి రాత్రి కూర్చుంటే వాక్యాలు దిద్దడానికే టైముంటుంది. ఈ అపోహ ఇంతకాలం బతికి ఉండటానికి అది కూడా ఒక కారణం.

పోర్ట్‌ఫోలియోతో అడిగే రిఫ్లెక్టివ్ లెటర్‌లో, అంటే మీ రాత ఎలా మారిందో మీరే చెప్పే ఉత్తరంలో, కూడా దెబ్బ తగిలేది ఇక్కడే. "ఈ కోర్సు వల్ల నా ఇంగ్లీష్ ఎంతో మెరుగుపడింది, మీకు కృతజ్ఞతలు" అని సన్మాన పత్రం రాస్తారు. అడిగింది అది కాదు. ఏ డ్రాఫ్టులో, ఏ పేరా, ఎందుకు మార్చారు? పీర్ రివ్యూలో (తోటి విద్యార్థులు మీ డ్రాఫ్టు చదివి చెప్పేదాంట్లో) ఎవరి మాట తీసుకున్నారు, ఎవరిది పక్కన పెట్టారు, ఎందుకు? మార్జిన్‌లో ప్రొఫెసర్ రాసిన "సో వాట్?"కి మీ జవాబేమిటి? పాత డ్రాఫ్టులన్నీ తేదీలతో సహా దాచుకుంటేనే ఇవి రాయగలరు. ఎప్పుడూ సరైన జవాబు ఎవరో ఒకరి దగ్గర ఉంటుందని పెరిగిన పిల్లలకి "నువ్వేమంటావు?" అన్న ప్రశ్న మొదట భయమే వేస్తుంది. కోర్సు అయ్యేసరికి మారేది ఇంగ్లీష్ కన్నా ఎక్కువగా ఆ భయమే.

అపోహ: "మాటలు మార్చి రాస్తే కాపీ కాదు."

కాపీయే. మూల వాక్యం ఎముకల గూడు అలాగే ఉంచి పర్యాయపదాలు తగిలించడాన్ని ప్యాచ్‌రైటింగ్ అంటారు, చాలా కాలేజీల్లో అది కూడా కేసే. మూలం చదివి, మూసేసి, ఎదురుగా ఉన్న స్నేహితుడికి చెప్పినట్టు రాయండి. తర్వాత తెరిచి పోల్చుకోండి. రచయిత పేరు చెప్పడం, సైటేషన్ ఇవ్వడం సొంత మాటల్లో రాసినా తప్పదు. కాపీని వెతికే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లో వచ్చే శాతం పోలిక మాత్రమే. కోట్ చేసినవీ, చివర ఇచ్చే మూలాల జాబితా (వర్క్స్ సైటెడ్) కూడా అందులో కలవవచ్చు. 18 శాతం వచ్చిందని ఏడవక్కర్లేదు, 3 శాతం వచ్చిందని మురవక్కర్లేదు.

అపోహ: "ఏఐ డిటెక్టర్ పట్టుకుంటే ఇక అంతే."

రాసింది మనిషా, ఏఐనా అని చెప్పే ఈ సాఫ్ట్‌వేర్లు తప్పుతాయి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ తన సొంత డిటెక్టర్‌ని కచ్చితత్వం తక్కువని 2023 జులైలో తీసేసింది. అదే ఏడాది వచ్చిన ఒక స్టాన్‌ఫర్డ్ అధ్యయనంలో టోఫెల్ విద్యార్థులు స్వయంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవేనని డిటెక్టర్లు చెప్పాయి. కాబట్టి మొదటి లైను నుంచీ గూగుల్ డాక్స్‌లోనే రాయండి, వెర్షన్ హిస్టరీ మీ సాక్షి. నిజంగానే చాట్‌బాట్‌తో రాయించి ఉంటే ఈ పేరా మీకోసం కాదు.

అపోహ: "కష్టంగా ఉంటే డ్రాప్ చేసి, తర్వాత ఆన్‌లైన్లో చేసుకోవచ్చు."

సిటిజన్లకి సరే. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు బ్యాచిలర్స్‌లో సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు ఉంచుకోవాలి. సరిగ్గా 12 తీసుకుని ఉంటే ఈ మూడు తీసేస్తే తొమ్మిదికి పడిపోతారు, స్టేటస్ పోతుంది. డ్రాప్ బటన్ నొక్కకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో వీసా వ్యవహారాలు చూసే అధికారి డీఎస్ఓని కలవండి. కొత్తలో ఇంగ్లీష్ ఇబ్బంది, ఇక్కడి బోధన అలవాటు లేకపోవడం, సరిపడని లెవెల్లో వెయ్యడం లాంటి కారణాలకి క్రెడిట్లు తగ్గించుకునే అనుమతి ఇవ్వగలరు. అప్పుడు కూడా కనీసం సగం లోడు ఉండాలి, తర్వాతి సెమిస్టర్ మళ్లీ ఫుల్ లోడు తీసుకోవాలి, ఒక డిగ్రీ స్థాయికి ఈ అవకాశం ఒక్కసారే. ఆన్‌లైన్ క్లాసయితే సెమిస్టర్‌కి ఒకటి, మూడు క్రెడిట్ల దాకానే ఫుల్ లోడు లెక్కలోకి వస్తుంది.

మిగతావి చకచకా. "నేను" అని రాయకూడదన్న రూలు అన్నిచోట్లా లేదు, అసైన్‌మెంట్ చూడండి. ఐదు పేరాల వ్యాసం హైస్కూల్ అచ్చు, వదిలెయ్యండి. బరువైన మాటలకి మార్కులు రావు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) ఇంగ్లీష్‌లో ఐదుకి నాలుగో ఐదో వచ్చిన ఇక్కడి పిల్లలకి కొన్ని కాలేజీలు ఈ కోర్సు మినహాయిస్తాయి, కొన్ని ఇవ్వవు. అడ్మిషన్ వచ్చాక అడ్వైజర్నే అడగండి, అంకుల్‌ని కాదు.

అపోహ: "రైటింగ్ సెంటర్ అంటే ఇంగ్లీష్ రానివాళ్లకి."

కాలేజీలో డ్రాఫ్టు మీద ఒకరితో కూర్చుని మాట్లాడే చోటు అది, పీహెచ్‌డీ వాళ్లూ వస్తారు. ఫీజులోనే కలిసి ఉంటుంది, విడిగా కట్టక్కర్లేదు. కాకపోతే అక్కడ పేపర్ దిద్దిపెట్టరు, "గ్రామర్ చూడండి" అంటే నిరాశే. డెడ్‌లైన్‌కి మూడు నాలుగు రోజుల ముందు అపాయింట్‌మెంట్ తీసుకోండి, సెమిస్టర్ చివర్లో స్లాట్లు దొరకవు. మూడు పట్టుకెళ్లండి: అసైన్‌మెంట్ షీటు, డ్రాఫ్టు ప్రింటు, ఒకే ఒక్క ప్రశ్న. "రెండో పేరా నుంచి మూడోదానికి ఎందుకు వెళ్తున్నానో అర్థమవుతోందా?" లాంటిది. షీటు మరచిపోతే మొదటి పది నిమిషాలు దాన్ని ఫోన్లో వెతుక్కోవడానికే పోతాయి.